గగన సారథి సుబ్రతో ముఖర్జీ

రథ గజ తురగ పదాతులనే చతురంగ బలాలు రాజ్యాన్ని కాపాడిన రోజుల్లో శత్రువు రావడానికి దారులు రెండే ఉండేవి. ఒకటి నేల, రెండవది నీరు. అందుకే మన పూర్వులు కోటగోడలు కట్టారు, అగడ్తలు తవ్వారు, తీరాల వెంట నౌకలను నిలిపారు. 20వ శతాబ్దపు ఆరంభంలో మానవుడు విమానాన్ని నిర్మించడంతో మూడవ దారి తెరుచుకుంది. ఆకాశానికి గోడ కట్టడం సాధ్యం కాదు, అగడ్త తవ్వడం సాధ్యం కాదు. ఆకాశమార్గాన వచ్చే శత్రువును ఆకాశంలోనే ఎదుర్కోవాలి. ఆ పనికి వేగంగా ఎగిరే విమానాలు, వాటిని నడిపే ధీరులు, వాటిని నిత్యం సిద్ధంగా ఉంచే నిపుణులు కావాలి. ఇవేవీ ఒక్కనాటిలో సమకూరేవి కావు. స్వతంత్ర భారతదేశానికి వీటిని సమకూర్చడంలో తన జీవితాన్ని ధారపోసిన మహనీయుడు ఎయిర్ మార్షల్ సుబ్రతో ముఖర్జీ. భారత వైమానిక దళానికి అధిపతి అయిన తొలి భారతీయుడు ఆయనే.

సుబ్రతో ముఖర్జీ 1911 మార్చి 5వ తేదీన కలకత్తాలో జన్మించారు. తండ్రి సతీశ్ చంద్ర ముఖర్జీ ఇండియన్ సివిల్ సర్వీసులో ఉన్నతాధికారి. తల్లి చారులత విద్యావంతురాలు. నలుగురు సంతానంలో సుబ్రతో కడపటివారు. వారిది విద్యకు, సంస్కరణకు పేరుపొందిన కుటుంబం. మాతామహుడు ప్రసన్న కుమార్ రాయ్ కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలకు ప్రిన్సిపాల్ అయిన తొలి భారతీయుడు. అక్క రేణుకా రాయ్ గాంధీజీ పిలుపునందుకొని స్వాతంత్ర్యోద్యమంలో పాల్గొన్న ధీరవనిత. ఒకే ఇంట పుట్టిన అక్క పరాయి పాలనను ఎదిరించే మార్గాన్ని ఎంచుకోగా, తమ్ముడు ఆ పాలకుల శిక్షణాలయంలోనే విద్య నేర్చి దానిని దేశానికి ఉపయోగపరచే మార్గాన్ని అనుసరించారు. మార్గాలు వేరైనా ఆ ఇద్దరి కృషీ చివరకు ఒకే గమ్యాన్ని చేరింది.

బాలుడైన సుబ్రతో మనస్సులో విమానయానం పట్ల ఆసక్తి మొలకెత్తడానికి ఆ కుటుంబంలోనే ఒక ప్రేరణ ఉంది. ఆయనకు మేనమామ వరుసైన ఇంద్రలాల్ రాయ్ మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వైమానిక దళంలో చేరి, 1918 జూలైలో కొద్ది దినాల వ్యవధిలోనే పది విజయాలు సాధించి, అదే నెల 22వ తేదీన ఆకాశయుద్ధంలో వీరమరణం పొందారు. అప్పటికి ఆయనకు ఇరవై ఏళ్ళయినా నిండలేదు. భారతీయులు విమానం నడపలేరని భావించే రోజుల్లో ఆ యువకుడు చూపిన పరాక్రమం ఆ కుటుంబంలో ఒక వీరగాథగా నిలిచిపోయింది.

ఆనాటి భారతదేశంలో సైన్యాధికార పదవులు దాదాపుగా ఆంగ్లేయులవే. వైమానిక దళం సంగతి చెప్పనవసరమే లేదు. విమానం వంటి సున్నితమైన యంత్రాన్ని నడపడానికీ మరమ్మతు చేయడానికీ భారతీయులు తగరన్న అభిప్రాయం పాలకవర్గంలో బలంగా ఉండేది. ప్రజాప్రతినిధుల ఒత్తిడి వల్ల ఏర్పడిన స్కీన్ సంఘం భారతీయ యువకులకు కూడా విమానయాన శిక్షణ ఇవ్వాలని సిఫారసు చేసింది. ఆ సిఫారసు ఫలితంగా ఇంగ్లాండులోని క్రాన్‌వెల్ వైమానిక కళాశాలలో శిక్షణకు ఆరుగురు భారతీయులు ఎంపికయ్యారు. వారిలో సుబ్రతో ముఖర్జీ ఒకరు. శిక్షణ ముగించి 1932 అక్టోబరు 8వ తేదీన ఆయన పైలట్ ఆఫీసరుగా నియమితులయ్యారు. భారత వైమానిక దళం చట్టరీత్యా ఆవిర్భవించినది కూడా ఆ రోజే. నేటికీ ప్రతి సంవత్సరం అక్టోబరు 8వ తేదీని మనం వైమానిక దళ దినోత్సవంగా జరుపుకొంటున్నాం. ఆ విధంగా దళమూ దాని భావి సారథీ ఒకే రోజున సేవారంగంలో అడుగుపెట్టారు.

1933 ఏప్రిల్ 1వ తేదీన, నేడు పాకిస్థాన్‌లో ఉన్న కరాచీ నగరపు డ్రిగ్ రోడ్ విమాన స్థావరంలో మొదటి స్క్వాడ్రన్ ఏర్పడింది. దాని బలం ఎంత? నాలుగు వాపిటి విమానాలు, ఐదుగురు భారతీయ పైలట్లు, గుప్పెడు మంది హవాయి సిపాయిలు. హవాయి సిపాయిలంటే విమానాల సంరక్షణ చూసే సిబ్బంది. వాపిటి విమానం రెండు అంతస్తుల రెక్కలతో, రెక్కలపై బిగించి కట్టిన గుడ్డతో, పైకప్పు లేని ఆసనాలతో ఉండేది. ముందు పైలట్, వెనుక తుపాకి పట్టిన సిపాయి కూర్చునేవారు. గంటకు 200 కిలోమీటర్లకు కొంచెం పైగా వేగం దానికి గొప్ప. చలిగాలి, దుమ్ము, ఎండ నేరుగా ముఖానికి కొట్టేవి. ఆ విమానాలు అప్పటికే పాతబడినవి. కొత్తవి బ్రిటిష్ దళాలకు, పాతవి భారతీయులకు అన్నదే ఆనాటి రీతి.

ఆరంభ దినాలు కష్టాలతో నిండినవి. తొలి ఐదుగురు పైలట్లలో ఇద్దరు విమాన ప్రమాదంలో ప్రాణాలు కోల్పోయారు. ప్రతి ప్రమాదమూ భారతీయులు అసమర్థులనే వారి వాదానికి బలం చేకూర్చేది. ఈ ప్రయోగం విఫలమైతే మరొక తరం వరకు భారతీయులకు ఆకాశద్వారం మూసుకుపోతుందని ముఖర్జీకి తెలుసు. అందుచేత ఒక్కొక్క ప్రయాణాన్నీ ఒక పరీక్షగా భావించి ఆయన విమానం నడిపారు. ఇంజనీరింగ్ పట్టం పొంది కూడా సామాన్య హవాయి సిపాయిగా దళంలో చేరిన హర్జీందర్ సింగ్ వంటి దీక్షాపరులు ఆయనకు తోడుగా నిలిచారు. పైలట్ ఆకాశంలో ఎంత నేర్పరి అయినా, నేలపై యంత్రాన్ని సరిచూసే చేతులు నమ్మకమైనవి కాకపోతే ప్రయోజనం లేదు. ఈ సత్యాన్ని ముఖర్జీ ఆనాడే గుర్తించారు. తరువాతి కాలంలో దళాధిపతి అయినప్పుడు కూడా ఆయన ఈ విషయాన్ని విస్మరించలేదు.

1936 నుండి ఈ స్క్వాడ్రన్ వాయవ్య సరిహద్దులోని వజీరిస్తాన్ కొండల్లో పనిచేసింది. అక్కడి గిరిజన తెగలతో బ్రిటిష్ ప్రభుత్వం సాగించిన పోరాటం సామ్రాజ్య ప్రయోజనం కోసమే గాని భారతీయుల మేలు కోసం కాదు. అయినా కొండల నడుమ చిక్కుకొనే పదాతి సైనికుల్లో ఎక్కువమంది భారతీయులే. ఒక సందర్భంలో సైన్యపు చిన్న కాపలా దళాన్ని శత్రువులు చుట్టుముట్టారు. తూటాలు అయిపోవచ్చాయని ఆ దళం నేలపై నుండి సంకేతం చూపింది. పై నుండి చూసిన ముఖర్జీ వద్ద వారికి అందించడానికి వేరే సామగ్రి ఏదీ లేదు. అప్పుడాయన తన విమానపు వెనుక తుపాకిలోని తూటాలను ఊడదీయించి, మేజోళ్ళలో నింపించి, శత్రువుల కాల్పులను లెక్కచేయక విమానాన్ని బాగా క్రిందికి దించి వాటిని ఆ సైనికుల మధ్య జారవిడిచారు. తన రక్షణకు ఉద్దేశించిన తూటాలను ఇతరుల ప్రాణాలు నిలపడానికి వినియోగించడం సామాన్యమైన సాహసం కాదు. కొండల్లో ఆయన చేసిన సేవకు సైనిక నివేదికల్లో ప్రత్యేక ప్రస్తావన లభించింది.

1939 మార్చిలో ముఖర్జీ మొదటి స్క్వాడ్రన్‌కు అధిపతి అయ్యారు. ఒక స్క్వాడ్రన్‌ను నడిపిన తొలి భారతీయుడు ఆయనే. అదే సంవత్సరం మహారాష్ట్రకు చెందిన శారదా పండిట్‌తో ఆయన వివాహం జరిగింది. కొద్ది నెలలకే రెండవ ప్రపంచ యుద్ధం మొదలైంది. క్వెట్టా స్టాఫ్ కళాశాలలో ఉన్నత శిక్షణ పొందిన అనంతరం, 1943లో ఆయన కోహట్ విమాన స్థావరానికి అధిపతిగా నియమితులయ్యారు. ఆ పదవిని అలంకరించిన తొలి భారతీయుడు కూడా ఆయనే. యుద్ధకాలంలో దళం అనూహ్యంగా విస్తరించింది. నాలుగు వాపిటి విమానాలతో మొదలైన దళం యుద్ధం ముగిసేనాటికి తొమ్మిది స్క్వాడ్రన్లకు, సుమారు 28,500 మంది సిబ్బందికి చేరుకుంది. బర్మా రంగంలో భారతీయ పైలట్లు చూపిన శౌర్యంతో వారి సమర్థతపై ఉన్న సందేహాలు తొలగిపోయాయి.

1947 ఆగస్టులో స్వాతంత్ర్యం వచ్చింది. దానితోపాటే విభజన కూడా వచ్చింది. ఆస్తులు పంచుకున్నట్లుగా విమానాలనూ, యంత్ర సామగ్రినీ, మనుషులనూ పంచుకోవలసి వచ్చింది. పది స్క్వాడ్రన్లలో మూడు పాకిస్థాన్‌కు వెళ్ళాయి. ముఖర్జీ పనిచేసిన కరాచీ, పోరాడిన మీరాన్‌షా, అధికారం వహించిన కోహట్ అన్నీ సరిహద్దుకు ఆవలే ఉండిపోయాయి. సీనియర్ భారతీయ అధికారిగా ఆ పంపకపు చర్చల్లో పాల్గొనడం ఆయనకు ఎంతటి వేదన కలిగించి ఉంటుందో ఊహించవచ్చు. అయినా దుఃఖించే వ్యవధి లేదు. రెండు నెలలు గడిచిన కొద్ది రోజులకే కాశ్మీరు సమస్య ముంచుకొచ్చింది. 1947 అక్టోబరు 27వ తేదీన డకోటా రవాణా విమానాలు సైనికులను శ్రీనగర్‌కు చేరవేశాయి. ఆ సాహసమే లేకుంటే శ్రీనగర్ విమానాశ్రయం దురాక్రమణదారుల వశమయ్యేది. 1948 మే నెలలో మెహర్ సింగ్ తన డకోటాను హిమాలయ శిఖరాల మీదుగా నడిపి లేహ్‌లో దించారు. పదాతి దళాలు వారాల తరబడి నడిచినా చేరలేని చోటికి విమానం గంటల్లో చేరగలదని దేశం గ్రహించింది.

ఆ రోజుల్లో విమానాల కొరత తీవ్రంగా ఉండేది. యుద్ధానంతరం విదేశీయులు కాన్పూరులో వదలివెళ్ళిన లిబరేటర్ బాంబర్లు ఎవరికీ పనికిరాకుండా పాడుచేయబడి గుట్టలుగా పడి ఉండేవి. వాటిని బాగుచేయడం అసాధ్యమని విదేశీ నిపుణులు తేల్చారు. కాని బెంగళూరులోని హిందుస్థాన్ విమాన కర్మాగారం ఇంజనీర్లు, పనివారు ఒక దానిలోని భాగాన్ని మరొక దానికి అమర్చి వాటికి ప్రాణం పోశారు. 1948 చివరికి ఆ విమానాలతో ఒక బాంబర్ స్క్వాడ్రన్ ఏర్పడింది. పారవేసిన ఇనుము దేశానికి ఆయుధమైంది. అదే సంవత్సరం చివర వాంపైర్ జెట్ విమానాలు కూడా వచ్చాయి. ఆసియాలో జెట్ యుద్ధ విమానాలను నడిపిన తొలి దేశాలలో భారతదేశం ఒకటైంది.

స్వాతంత్ర్యం వచ్చిన తరువాత కూడా కొంతకాలం వైమానిక దళాధిపతి పదవి బ్రిటిష్ అధికారుల చేతిలోనే ఉంది. 1949 జనవరిలోనే సైన్యానికి కరియప్ప అధిపతి అయ్యారు. వైమానిక దళంలో మాత్రం ఎల్మ్‌హర్స్ట్, ఐవ్‌లా చాప్‌మన్, గిబ్స్ ఒకరి తరువాత ఒకరు ఆ పదవి నిర్వహించారు. భారతీయ అధికారులలో అగ్రగణ్యుడైన ముఖర్జీ ఆ పదవి కోసం తొందరపడలేదు. ఇరవై ఏళ్ళయినా నిండని దళానికి అనుభవం అవసరమని ఆయన ఎరుగుదురు. ఉపాధిపతిగా పాలనా వ్యవహారాలన్నీ నేర్చుకున్నారు. వైమానిక దళం సైన్యానికి అనుబంధంగా కాక స్వతంత్ర దళంగా నిలవాలన్న ఎల్మ్‌హర్స్ట్ దృష్టికి ఆయన తోడ్పడ్డారు. తన హోదా కన్నా దళ శ్రేయస్సును మిన్నగా భావించిన ఆ ఓర్పు ఆయన వ్యక్తిత్వంలోని విశిష్ట గుణం.

1954 ఏప్రిల్ 1వ తేదీన ఆయన వైమానిక దళాధిపతి అయ్యారు. మొదటి స్క్వాడ్రన్ పుట్టి సరిగ్గా ఇరవై ఒక్క సంవత్సరాలు నిండిన రోజది. అదే రోజున రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ దళానికి గౌరవ పతాకాన్ని ప్రదానం చేశారు. నాలుగు గుడ్డ రెక్కల విమానాల నాడు పైలట్‌గా చేరిన యువకుడే నేడు మొత్తం దళానికి సారథి అయ్యారు.

సారథ్యం చేపట్టిన ముఖర్జీ ముందు పెద్ద కర్తవ్యం నిలిచింది. విమాన నిర్మాణ శాస్త్రం నానాటికీ మారిపోతున్న కాలమది. నిన్నటి విమానం నేటికి పాతదవుతుంది. ఆకాశ రక్షణకు మూడు అంగాలు కావాలి. శత్రు విమానం రాకను దూరం నుండే పసిగట్టే రాడార్లు మొదటి అంగం. ఆ వార్తను క్షణాల్లో చేరవేసే సమాచార వ్యవస్థ రెండవది. వార్త అందగానే పైకి లేచి శత్రువును అడ్డగించే యుద్ధ విమానాలు మూడవది. ఈ మూడింటిలో ఏ ఒక్కటి కొరవడినా మిగిలిన రెండూ నిష్ఫలమే. వీటితోపాటు శత్రు స్థావరాలను దెబ్బతీసే బాంబర్లు, సైనికులను, సామగ్రిని చేరవేసే రవాణా విమానాలు కూడా ఉంటేనే దళం సమగ్రమవుతుంది.

ఈ దృష్టితోనే ఆయన కాలంలో దళం రూపురేఖలు మారిపోయాయి. ఫ్రాన్సు నుండి అప్పటికే రావడం మొదలైన ఊరగాన్ విమానాలకు మనవారు తూఫానీ అని పేరు పెట్టుకున్నారు. 1957లో ఫ్రాన్సు నుండే మిస్టేర్ విమానాలు, బ్రిటన్ నుండి హంటర్ యుద్ధ విమానాలు, కాన్‌బెర్రా బాంబర్లు వచ్చాయి. హంటర్ ధ్వని వేగానికి చేరువగా ఎగురుతుంది. నాలుగు శక్తిమంతమైన ఫిరంగులు దాని ముక్కు భాగంలో ఉంటాయి. రెండు జెట్ ఇంజన్ల కాన్‌బెర్రా అత్యంత ఎత్తున ప్రయాణించి బాంబులు వేయడానికీ ఛాయాచిత్రాలు తీయడానికీ ఉపయోగపడుతుంది. అమెరికా నుండి ప్యాకెట్, సోవియట్ యూనియన్ నుండి ఇల్యూషిన్ రవాణా విమానాలు వచ్చాయి. ఈశాన్య సరిహద్దు అడవుల్లోనూ మంచుకొండల్లోనూ కాపలా కాసే జవానులకు అవే అన్నదాతలయ్యాయి.

ఈ విమానాలన్నిటిలోకి చిన్నది నాట్. రెక్కల పొడవు ఏడు మీటర్లకు లోపే. ఇంత చిన్న విమానం యుద్ధానికి పనికివస్తుందా అని అనేకులు సందేహించారు. దానిని రూపొందించిన బ్రిటన్ సైతం తన దళంలో యుద్ధ విమానంగా ప్రవేశపెట్టలేదు. కాని నాట్ వెల తక్కువ, బరువు తక్కువ. నేల విడిచిన కొద్ది నిమిషాల్లోనే ఎంతో ఎత్తుకు ఎగబాకగలదు. శత్రువు కంటికి సులభంగా దొరకదు. పేద దేశానికి తగిన రక్షణ సాధనం అదేనని భారతదేశం నమ్మింది. 1958లో ఆ విమానాలు దళానికి చేరసాగాయి. అంతేకాక బెంగళూరులోనే వాటి నిర్మాణానికి ఏర్పాట్లు జరిగాయి.

విమానాలు కొనడంతోనే దేశం బలపడదని ముఖర్జీ దృఢంగా విశ్వసించారు. పరాయి దేశం విడి భాగాలు పంపడం ఆపివేస్తే కొన్న విమానం నేలకు అతుక్కుపోతుంది. పైగా ఫ్రాన్సు, బ్రిటన్, అమెరికా, సోవియట్ యూనియన్ ఇన్ని దేశాల విమానాలు ఒకే దళంలో ఉండడం వల్ల సంరక్షణ భారం పెరిగిన మాట కూడా నిజమే. దీనికి శాశ్వత పరిష్కారం స్వదేశీ నిర్మాణమే. వి.యం. ఘాటగే రూపొందించిన హెచ్.టి.-2 శిక్షణ విమానం 1951లోనే ఎగిరింది. 1956లో ప్రఖ్యాత జర్మన్ నిపుణుడు కుర్ట్ టాంక్ బెంగళూరు వచ్చి, భారతీయ ఇంజనీర్లతో కలిసి మారుత్ జెట్ యుద్ధ విమాన రూపకల్పనకు పూనుకున్నారు. రవాణా విమానాల నిర్మాణానికి 1960లో కాన్పూరులో ఒక కేంద్రం నెలకొన్నది. పూర్వం హవాయి సిపాయిగా ముఖర్జీకి తోడు నిలిచిన హర్జీందర్ సింగ్ ఉన్నతాధికారిగా దానికి నాయకత్వం వహించారు.

సమర్థుడైన అధిపతికి చేదు అనుభవాలు కూడా తప్పవు. 1959 ఏప్రిల్ 10వ తేదీన ఛాయాచిత్రాలు తీయడానికి వెళ్ళిన భారత కాన్‌బెర్రా విమానాన్ని పాకిస్థాన్ సేబర్ విమానాలు కూల్చివేశాయి. అందులోని ఇద్దరు అధికారులూ ప్రాణాలతో బయటపడ్డారు. ఎంత ఎత్తున ఎగిరినా విమానానికి సంపూర్ణ రక్షణ లేదని ఆ సంఘటన స్పష్టం చేసింది.

ముఖర్జీ కేవలం సైనికుడే కాదు, క్రీడాభిమాని కూడా. ఫుట్‌బాల్ అంటే ఆయనకు ప్రాణం. మన దేశం ఈ క్రీడలో రాణించాలంటే పాఠశాల స్థాయిలోనే బీజం వేయాలని ఆయన భావించారు. ఆ ఆలోచన ఫలితంగా 1960లో పాఠశాల విద్యార్థులకు అఖిల భారత ఫుట్‌బాల్ పోటీలు మొదలయ్యాయి. సుబ్రతో కప్ పేరుతో అవి నేటికీ జరుగుతున్నాయి. పైలట్‌లోనూ క్రీడాకారుడిలోనూ చురుకుదనం, క్రమశిక్షణ, తోటివారి పట్ల నమ్మకం సమానంగా ఉండాలని ఆయన జీవితమే తెలుపుతుంది.

1960 నవంబరులో ఎయిర్ ఇండియా సంస్థ టోక్యో నగరానికి తన తొలి విమానాన్ని నడిపింది. ఆ ప్రయాణంలో ముఖర్జీ కూడా పాల్గొన్నారు. నవంబరు 8వ తేదీ రాత్రి టోక్యోలో ఒక మిత్రునితో కలిసి భోజనం చేస్తుండగా ఆహారం శ్వాసనాళంలో చిక్కుకొని ఆయన హఠాత్తుగా కన్నుమూశారు. సరిహద్దు కొండల్లో శత్రువుల తూటాల మధ్య, పాతబడిన యంత్రాల మీద ఎన్నోసార్లు మృత్యువును తప్పించుకొన్న వీరుడు ఒక ప్రశాంతమైన భోజనశాలలో అసువులు బాయడం విధివైపరీత్యం. అప్పటికి ఆయన వయస్సు 49 సంవత్సరాలు. ఆయన పార్థివ దేహానికి ఢిల్లీలో సైనిక లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి. ఆయన జీవించిన ఒక్కొక్క ఏడాదికి ఒక్కొక్కటి చొప్పున 49 విమానాలు ఆకాశంలో ఎగిరి తమ సారథికి కడపటి వందనం సమర్పించాయి.

ఆయన వేసిన పునాది విలువ ఆయన మరణానంతరమే లోకానికి పూర్తిగా తెలిసింది. 1961 జూన్ 17వ తేదీన మారుత్ తొలిసారి గగనతలానికి ఎగిరింది. ఆ దృశ్యాన్ని చూసే భాగ్యం ఆయనకు దక్కలేదు. అదే ఏడాది డిసెంబరులో గోవా విముక్తి సమరంలో కాన్‌బెర్రాలు పాల్గొన్నాయి. 1962 యుద్ధంలో యుద్ధ విమానాలను ప్రయోగించకపోయినా, రవాణా విమానాలు ఎత్తైన కొండల మీది జవానులకు ఆహారాన్ని, ఆయుధాలను అందించాయి. 1965 యుద్ధంలో అందరూ సందేహించిన చిన్నారి నాట్ శక్తిమంతమైన సేబర్ విమానాలను కూల్చి కీర్తి గడించింది. 1971 డిసెంబరులో రాజస్థాన్ ఎడారిలోని లోంగేవాలా వద్ద హంటర్ విమానాలు శత్రు ట్యాంకులను ధ్వంసం చేశాయి. అదే నెల 14వ తేదీన శ్రీనగర్ గగనతలంలో నాట్ విమానంతో ఒంటరిగా పోరాడి అమరుడైన నిర్మల్ జీత్ సింగ్ సెఖోన్ పరమవీర చక్రను పొందారు. వైమానిక దళంలో ఆ పురస్కారం పొందిన తొలి వీరుడాయన.

ముఖర్జీ కుటుంబానికి తెలుగు నేలతో కూడా ఒక సంబంధం ఉంది. భర్త మరణానంతరం శారదా ముఖర్జీ శోకంతో క్రుంగిపోక ప్రజాసేవలో ప్రవేశించారు. పార్లమెంటు సభ్యురాలిగా ఎన్నికయ్యారు. 1977 మే నుండి 1978 ఆగస్టు వరకు ఆంధ్రప్రదేశ్ గవర్నరుగా పనిచేశారు. దివిసీమను ఉప్పెన ముంచెత్తిన 1977 నవంబరులో రాష్ట్ర ప్రథమ పౌరురాలు ఆమే. హైదరాబాదు సమీపంలోని దుండిగల్‌లో వైమానిక దళ అకాడమీ ఉంది. నాడు క్రాన్‌వెల్ వెళ్ళి ఆరుగురు యువకులు నేర్చుకొన్న విద్యను నేడు వందలాది యువతీ యువకులు ఇక్కడే, స్వదేశీ గురువుల వద్దనే నేర్చుకొంటున్నారు. ముఖర్జీ కన్న కల ఇదే.

విమానాలు పాతబడతాయి. వాపిటి పోయి వాంపైర్ వచ్చింది. వాంపైర్ పోయి హంటర్, నాట్ వచ్చాయి. కాలక్రమంలో అవి కూడా తమ సేవ ముగించి వస్తు ప్రదర్శనశాలలకు చేరాయి. కాని ఓర్పు, దీక్ష, తోటివారి పట్ల ఆదరం, స్వశక్తి మీద విశ్వాసం అనే గుణాలు ఎన్నటికీ పాతబడవు. నీకిది చేతకాదని లోకం తేల్చి చెప్పిన చోట మాటలతో గాక పనితో సమాధానం చెప్పడమెలాగో సుబ్రతో ముఖర్జీ జీవితం నేటి యువతకు బోధిస్తుంది. రెక్కలు మొలిచిన ప్రతి పక్షీ ఎగరగలదు. తాను ఎగరడమే కాక, ఒక జాతికి రెక్కలు తొడిగిన ధన్యజీవి ఆయన.